టీచరమ్మ గీసిన ఆవు

పోయిన వారం చిత్తూరులో, రిజిస్ట్రారాఫీసు పక్క సందులో దస్తావేజులు రాసే మా గదిలో, ఒక అట్టముక్క మీద అంతర్జాతీయ స్థాయి పంచాయితీ జరిగింది.

ఐరాల నుంచి వచ్చిన ఒక రైతు పాసుబుక్కు కోసం చొక్కా జేబు బల్ల మీద బోర్లించాడు. ఆధార్ జిరాక్సు, తలనొప్పి మాత్ర, బస్సు టికెట్లతో పాటు అట్టముక్క ఒకటి రాలింది. అగ్గిపెట్టెకు రెండింతలుంటుంది. దాని మీద నల్ల స్కెచ్ పెన్నుతో ఏదో గీసి, పైన టేపు అంటించి ఉంది. గదిలో నాతో పాటు ఇద్దరు రాతగాళ్ళు, ఒక సాక్షి ఉన్నారు. మొదటి రాతగాడు దాన్ని గుమ్మడికాయ అన్నాడు. రెండో ఆయన వినాయకుడన్నాడు. ఐరాల వాళ్ళ జేబులో కాణిపాకం స్వామి కాక ఇంకెవరుంటారప్పా అని కళ్ళకద్దుకున్నాడు కూడా. సాక్షి మాత్రం ఇద్దరు చెప్పిందీ నిజమేనని, ఎక్కడైనా సంతకం పెడతానని అన్నాడు.

నేను కళ్ళజోడు సర్దుకుని చూసి, అది కుక్కరని తేల్చాను. పైన తొండంలాగ ఉన్నది విజిలు.

రైతు నోరు తెరిచాడు. "మా మనవరాలిదప్పా. ఆకలైతే ఇది తెచ్చి సేతిలో పెడతాది. నీకెట్ల తెలిసె?"

తెలియక ఏం? ఈ భూమండలం మీద కుక్కర్ని ఇంత ఘోరంగా గీయగలిగిన చెయ్యి ఒక్కటే ఉంది. ఆ చేతి కింద నేను రెండేళ్ళు చదువుకున్నాను. చదువుకున్నది మా పాప అని ఊరంతా అనుకుంటారు గానీ, మొట్టికాయలు తిన్నది నేను.

ఆమె పేరు రాయను. రాస్తే ఆమెకు తెలుస్తుంది. తెలిస్తే ఫోన్ చేస్తుంది. చేస్తే నా ఫోన్ బ్యాటరీ అయిపోతుంది, పక్కవాడి ఫోన్ అడుక్కుని అదీ అయిపోగొట్టాలి. మా ఊళ్ళో అందరికీ ఆమె టీచరమ్మే. మాట రాని పిల్లల ఇళ్ళకు వెళ్ళి పాఠం చెప్పడం ఆమె ఉద్యోగం. చిత్తూరులో బస్సెక్కి, సోమవారం ఒక పల్లె, మంగళవారం ఒక పల్లె తిరిగేది. బంగారుపాళ్యం దాటాక నాలుగు కిలోమీటర్లలో ఉన్న మా పల్లెకు గురువారం వంతు, పొద్దున బస్సుకు వచ్చేది, ఆ రోజు నేను పనికి పోయేవాణ్ణి కాదు. బస్సు సరిగ్గా మా గేటు ఎదురుగా ఆగి, వెనక్కి తిరిగి చిత్తూరికి పోతుంది. అది ఇంకా మలుపులో ఉండగానే ఆమె గొంతు మా వంటింట్లోకి వచ్చేది. మనిషి తరవాత వచ్చేది.

ఆమె మాట్లాడేది. మాట్లాడేది అంటే చాలదు. మజ్జిగ తాగుతూ మాట్లాడేది, చెప్పులు విప్పుతూ మాట్లాడేది. ఎదుటి మనిషి లేచి పోయినా, మొదలుపెట్టిన సంగతి ఆ కుర్చీతోనైనా ముగించి గాని లేచేది కాదు. మొదటి రోజు ఆమె వచ్చి వెళ్ళాక మా ఇంట్లో గోడగడియారం కూడా కాసేపు ఆగినట్టు నాకనిపించింది. మా అమ్మ చెవులు రెండూ రుద్దుకుని నన్నడిగింది, ఈమెకి బిడ్డప్పుడు వసకొమ్ము అరగదీసి నాకించినారా, లేక చెట్టు చెట్టే పెరికి మింగించినారా అని.

వస గురించి మా అమ్మకు తెలిసినంత ఎవరికీ తెలియదు. మా లహరికి ఏడేళ్ళొచ్చినా ఒక్క మాటా రాలేదు. ఆ ఏడేళ్ళలో మా అమ్మ అరగదీసిన వసకొమ్ముల్ని వరసగా పేరిస్తే బంగారుపాళ్యం నుంచి పలమనేరు దాకా ఆనకట్ట కట్టొచ్చు. దానికి తేనె కలిపి పొద్దునే పాప నాలిక మీద రాసేది. పాప మొహం వంకర పెట్టేది, మింగేది, మాట్లాడేది కాదు.

మాటలకు కరువైన ఇల్లు కాదు మాది. నేను ఒక్క సెంటు జాగాకి తూర్పు పడమర దక్షిణం ఉత్తరం హద్దులు కట్టి నాలుగు పేజీలు నింపకపోతే అన్నం సయించని మనిషిని. మా ఆవిడ ఒక్క ఉప్పు తక్కువైన సంగతి మీద మూడు పూటలు మాట్లాడగలదు. ముగ్గురం మాటలతో ఇల్లు నింపి, పాపకు చోటు లేకుండా చేశామేమో అని ఒక్కోసారి అనిపించేది.

మాట రాకపోవడం ఒక ఎత్తు. సాయంత్రం ఐదు గంటలు ఒక ఎత్తు. సరిగ్గా ఐదయ్యేసరికి లహరి కేక పెట్టేది. గేటు కమ్మీలు పట్టుకుని ఊపేది. కుడిచేతి మణికట్టు కొరుక్కునేది. కొరికి కొరికి అక్కడ చర్మం గట్టిపడి నల్లటి మచ్చ తేలింది. ఏడాదిగా రోజూ అరగంట. ఈ ముక్క దగ్గర నేను ఏమీ పెంచి రాయడం లేదు.

ఎందుకని అడిగితే చెప్పలేదు కదా. కాబట్టి మేమే చెప్పుకున్నాం. మా అమ్మ దిష్టి అంది. మా ఆవిడ ఆకలి అంది. నేను ఊరవతల మామిడిగుజ్జు ఫ్యాక్టరీ కూతకు చెవి నొప్పి అన్నాను. ఫ్యాక్టరీ మామిడి కాలంలో తప్ప కూయదని మా ఆవిడ గుర్తు చేస్తే, మిగతా కాలంలో ఆ కూత తలుచుకుని ఏడుస్తుందన్నాను. చివరికి తిరుపతిలో పెద్దాసుపత్రికి తీసుకుపోయాం. డాక్టరు చెవులు బాగున్నాయన్నాడు. ఎదుగుదలలో తేడా ఉందని, మాట కోసం కాచుకోకుండా బొమ్మల చీటీలతో చెప్పించడం మొదలుపెట్టమని అన్నాడు. అట్ల మా ఇంటికి టీచరమ్మ వచ్చింది.

మా అమ్మకు ఆ చీటీలంటే గిట్టలేదు. బొమ్మ సూపిస్తే పని జరిగిపోతుంటే పిల్ల నోరెందుకు తెరుస్తాది, వచ్చే మాట కూడా లోపలే ఉండిపోతాది అని ఆమె భయం. అదేమీ మొండితనం కాదు, మనవరాలి మీద బెంగ. మొదటి వారం ఆసుపత్రివాళ్ళిచ్చిన చీటీలన్నీ తీసి బియ్యం డబ్బాలో దాచేసింది.

టీచరమ్మ బియ్యంలో చెయ్యి పెట్టి వాటిని ఒక్కొక్కటే వెతికి తీసింది. ఆ పని చేస్తున్నంతసేపూ మాట్లాడుతూనే ఉంది. "పెద్దమ్మా, నువ్వు నోటితో అడుగుతావు. మీ కోడలు కంటితో అడుగుతాది. మీ కొడుకు కాయితం మీద రాసి అడుగుతాడు. పాప సేత్తో అడిగితే తక్కువా? మాట వచ్చేదుంటే వస్తాది, నేనేం అడ్డం పడను. అది వచ్చేదాకా దప్పికైతే బిడ్డేం సేయాల?"

దప్పిక అనేసరికి మా అమ్మ నోరు మూతపడింది. అది మా ఇంటి చరిత్రలో నమోదు కావలసిన రోజు.

అయితే ఆసుపత్రి చీటీల్లో నీళ్ళంటే గాజు గ్లాసు. మా ఇంట్లో గాజు గ్లాసు అల్మరాలో చుట్టాల కోసం ఉంటుంది, చుట్టాలకు కూడా అది చూపిస్తాం, ఇవ్వం. లహరికి ఆ బొమ్మతో సంబంధమే లేదు. టీచరమ్మ ఆ చీటీలన్నీ పక్కన పెట్టి, మా వంటింట్లోకి నడిచి, నీళ్ళ చెంబు చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూసింది. సొట్ట ఎప్పుడు పడింది, ఎవరు పడేశారు, పాప ఏ పక్కన నోరు పెట్టి తాగుతుంది, అన్నీ అడిగింది. పోలీసులు కూడా ఒక చెంబును అంతగా విచారించరు. తరవాత కింద కూర్చుని నాలిక బయట పెట్టి, ఒళ్ళంతా దగ్గర పెట్టుకుని గీసింది.

గీసినాక మా ఆవిడ అది హెల్మెట్టు అనుకుంది. నేను తాబేలు అనుకున్నాను. లహరి మాత్రం చీటీ చూసి, లేచి, వంటింట్లోకి పోయి చెంబు ముట్టుకుని వచ్చింది.

"ఇంత అన్యాయంగా గీస్తే ఎట్ల తెలిసింది టీచరమ్మా" అని అడిగాను. ఆమె నా నెత్తి మీద స్కెచ్ పెన్నుతో ఒకటి కొట్టింది. "నీకోసం గీయలేదప్పా. పాప సూసేది సొట్టని. నేను సొట్ట గీసినాను. మిగతాదంతా ఊరికే సుట్టూ ఉండాది."

ఆమె గీత పద్ధతి అదే. పిల్లలు ఏ ఒక్క గుర్తు చూస్తారో అది పట్టుకుంటుంది. మిగతాది దేవుడికి వదిలేస్తుంది.

ఇంత మాట్లాడే మనిషికి ఆ ఉద్యోగంలో అసలు కష్టం ఊరుకోవడం. పాపను ఒక్కసారి అడగాలి, అడిగి పది లెక్కపెట్టాలి, అంతసేపు ఎవ్వరూ నోరెత్తకూడదు, అదీ ఆమె చట్టం. "ఏం కావాలమ్మా" అని అడిగి, వెంటనే చీరకొంగు మడిచి పళ్ళ మధ్య కరిచిపెట్టేది. ఎడమచేతి కణుపుల మీద బొటనవేలితో ఒకటి, రెండు, మూడు. నాలుగు దగ్గర ఆమె మెడ మీద నరం లేచేది. ఆరు దగ్గర కళ్ళు బయటికి వచ్చేవి. ఎనిమిది దగ్గర కొంగు చిరుగుతుందేమో అనిపించేది. ఆమె చీరల కొంగులన్నీ ఒకే చోట పంటిగాట్లతో ఉండేవి.

మేం మాత్రం మూడు దాటేవాళ్ళం కాదు. మూడుకే మా అమ్మ "నీళ్ళా కన్నా" అనేది, మా ఆవిడ "బిస్కెట్టా" అనేది, నేను పెద్ద గొంతుతో వాళ్ళిద్దరినీ ఊరుకోమనేవాణ్ణి. టీచరమ్మ మొట్టికాయ నాకే వేసేది.

నాలుగో గురువారం లహరి తొమ్మిది దగ్గర చెంబు చీటీ తీసి టీచరమ్మ చేతిలో పెట్టింది. మేం ముగ్గురం కలిసి వేసిన కేకకు పాప బెదిరి మంచం కిందికి దూరింది. బయటికి రావడానికి గంట పట్టింది. ఆ గంటా మేం నీళ్ళ చెంబు పట్టుకుని మంచం చుట్టూ బోర్లా పడుకున్నాం.

ఆ తరవాత చీటీలు పెరిగాయి. ఇడ్లీ, ఊయల, పక్కింటి కుక్క, చాలు, వద్దు. అన్నీ ఒక గుడ్డసంచిలో పాప మెడలో వేలాడేవి. ప్రతి చీటీ కింద టీచరమ్మ పేరు రాసేది గానీ, లహరికి అట్ట అంచులు నమలడం ఇష్టం. నెల తిరిగేలోపు పేర్లన్నీ కడుపులోకి పోయాయి. బొమ్మ చూసి మేమే పోల్చుకోవాలి. వద్దు చీటీ మొదటిసారి మా అమ్మ వస గిన్నె మీద పడింది. మా అమ్మ ఆ రోజు అన్నం తినలేదు. మర్నాడు మాత్రం వసకొమ్ము అరగదీయలేదు, నన్ను చూసి, నీకేంటి నవ్వు అని కసిరింది.

అప్పుడొచ్చింది ఆవు.

ఒక శుక్రవారం సాయంత్రం ఐదుకు కేక పెడుతూనే లహరి సంచిలోంచి ఒక చీటీ తీసి నా చేతిలో పెట్టింది. నేను రోజూ నాలుగున్నరకే బండి మీద ఇల్లు చేరి, ఆ అరగంట కోసం పాప పక్కనే కాచుకుని ఉంటాను. ఏడాదిగా తెలియని సంగతి అట్ట మీద నా చేతిలోకి వచ్చింది. ముగ్గురం చుట్టూ చేరి చూశాం. పొడుగు ఒళ్ళు, కింద కాళ్ళు, ముందు రెండు కొమ్ములు, వెనక వంకర తోక. ఆవు. ఎవ్వరికీ సందేహం రాలేదు. పైగా పక్కింటివాళ్ళ ఆవు మేతకు పోయి తిరిగొచ్చేది కూడా ఆ వేళకే.

ఏడాదిగా బిడ్డ ఆవు కావాలని ఏడుస్తుంటే మనకు తెలియలేదే అని మా అమ్మ కళ్ళు తుడుచుకుంది. మర్నాటి నుంచి ఐదు గంటలకు పక్కింటి ఆవును మా వసారాలో కట్టేశాం. లహరి ఆవు వైపు చూడను కూడా చూడలేదు. కేక ఆగలేదు. ఆవు దూరంగా ఉందేమో అని దగ్గరికి జరిపాం. తెల్లది ఇష్టం లేదేమో అని ఎదురింటి ఎర్రావును కూడా తెచ్చాం. ఆ ఎర్రావు వసారాలో నేను ఆరబెట్టుకున్న భాగపరిష్కార పత్రం చిత్తుప్రతి తినేసింది. ఇద్దరు అన్నదమ్ములు పదేళ్ళు కొట్టుకుని తేల్చుకున్న నాలుగు హద్దులూ ప్రశాంతంగా నెమరేసింది.

గురువారం ఆవుల్ని మేతకు పంపకుండా పొద్దునే కట్టేశాం. టీచరమ్మ బస్సు దిగి గేటు తీసి, వసారాలో రెండు ఆవుల్ని చూసింది. ఆమె నోట మాట రాకపోవడం నేను చూసింది అప్పుడే. సంగతి చెప్పి చీటీ చూపించాను.

"ఇది ఆవా?" అంది. "బస్సప్పా ఇది."

"బస్సుకి కాళ్ళుంటాయా టీచరమ్మా?"

"సక్రాలు."

"మరి కొమ్ములు?"

"పక్కన అద్దాలు. ఎప్పుడైనా బస్సుని ఎదురుగా సూసినావా?"

"తోక?"

"పొగ. మీ ఊరి బస్సుకి అదే కదా గుర్తు."

మా అమ్మ ఒప్పుకోలేదు. కాణిపాకంలో తడిబట్టలతో ప్రమాణం చేస్తానంది, అది ఆవేనని. గీసింది నేను పెద్దమ్మా అని టీచరమ్మ అంటే, నీకు నువ్వేం గీసినావో తెలిస్తే గదా అని మా అమ్మ కొట్టిపారేసింది.

టీచరమ్మ ఈసారి వాదన పెంచలేదు. నా వైపు తిరిగి, ఐదు గంటల బస్సులో మీ ఇంటికి ఎవరొస్తారని అడిగింది. ఎవరూ రారన్నాను. ముందు ఎవరొచ్చేవాళ్ళంది. నేనే, అన్నాను. ఏడాది కింద బండి తీసుకున్నాను, పాప దగ్గరికి అరగంట ముందుగా రావచ్చని.

ఆ మాట నా నోటి నుంచి వస్తుండగానే నా చెవికి చేరింది. ఆవులు నెమరేస్తూనే ఉన్నాయి.

నడక వచ్చినప్పటి నుంచి పాప రోజూ గేటు పట్టుకుని చూసింది, బస్సు వస్తుంది, నాయన దిగుతాడు. ఏడాదిగా బస్సు వస్తోంది, నాయన దిగడం లేదు. నేను పక్కనే నిలబడి ఆమె వీపు నిమురుతూ, ఊరుకో తల్లీ నేనీడే ఉండాను కదా అంటున్నాను. ఉన్నాను సరే. ఆమె లెక్కలో ఇంకా రాలేదు.

టీచరమ్మ చప్పుడు చేయకుండా కింద కూర్చుని కొత్త అట్టముక్క తీసింది. నా మొహం వైపు చూసింది, గీసింది. మా ఆవిడ దాన్ని గబ్బిలం అనుకుంది. గబ్బిలం రెక్కలు నా మీసాలని తరవాత తెలిసింది. లహరి ఆ చీటీ లాక్కుని సంచిలో వేసుకుంది, ఆ రోజంతా ఎవ్వరికీ ఇవ్వలేదు.

"రేపు బండి ఈడ పెట్టి పో. బస్సులో రా" అంది టీచరమ్మ. శుక్రవారం ఆమెకు వేరే పల్లె. అయినా నేనూ వస్తానంది.

ఇక్కడ కొంచెం ఆగి చెప్పాలి, ఆమె ఇప్పుడు రిటైరై కుప్పంలో చెల్లెలి దగ్గర ఉంటోంది. అక్కడ తెలుగు చాలక తమిళం, కన్నడం కూడా వాడుకుంటోందని విన్నాను. చీటీలు గీసి పోస్టులో పంపుతూనే ఉంటుందని ఐరాల రైతు చెప్పాడు. లహరికి పదకొండేళ్ళు. బొమ్మ నొక్కితే మాట్లాడే ఫోను కూడా ఉందిప్పుడు. అందులో గొంతు "దయచేసి నీళ్ళు ఇవ్వండి" అంటుంది, మా అమ్మ ఎవరో కలెక్టరు వచ్చినట్టు లేచి నిలబడుతుంది. ఇవన్నీ తరవాతి సంగతులు. నేను ఎప్పుడు టీచరమ్మను తలుచుకున్నా తలపుకు వచ్చేది ఆ శుక్రవారమే.

బస్సు మలుపు తిరిగేసరికి నేను లేచి తలుపు దగ్గర నిలబడ్డాను. గేటు దగ్గర లహరి, పక్కన మధ్యాహ్నమే వచ్చిన టీచరమ్మ. కేక లేదు. నేను మెట్టు దిగాను. దిగీ దిగగానే పరిగెత్తి పాపను ఎత్తుకోబోయాను. టీచరమ్మ వేలు చూపించింది. ఆగాను. ఆమె కొంగు పళ్ళ మధ్యకు పోయింది. బొటనవేలు కణుపుల మీదికి వచ్చింది.

పాప నా వైపు చూడలేదు. బస్సు తలుపు చూసింది. అద్దం చూసింది. సంగతేమిటో తెలియకపోయినా డ్రైవరు బండి కదిలించలేదు, కిటికీల్లోంచి తలకాయలు బయటికొచ్చాయి. మూడు. నాలుగు. మా ఆవిడ రెండు చేతులతో మా అమ్మ నోరు మూసి పట్టుకుంది. ఆరు. ఏడు. పాప చెయ్యి సంచిలోకి పోయింది, అక్కడే ఉండిపోయింది. ఎనిమిది.

గబ్బిలం తెచ్చి నా అరచేతిలో పెట్టింది.

నేను దాన్ని చూస్తూ నిలబడ్డాను. ఆకలి కాదు, నీళ్ళు కాదు, ఊయల కాదు. ఇది ఏం అడగడమో నాకు తెలియలేదు.

"పలుకప్పా" అంది టీచరమ్మ. కొంగు జారిపోయింది. "బిడ్డ పిలుస్తా ఉండాది కదా, నాయనా అని. పిలిస్తే పలకాల."

నాలుగు పేజీల మనిషికి ఒక్క మాట దొరికింది. "ఏమ్మా" అన్నాను.

లహరి చీటీ లాక్కుంది. కాసేపు చూసి, మళ్ళీ నా చేతిలో పెట్టింది. "ఏమ్మా" అన్నాను. మళ్ళీ లాక్కుంది, మళ్ళీ పెట్టింది. బస్సు ఎప్పుడు పోయిందో తెలియదు. మా అమ్మ గేటు దాటి వచ్చి, టీచరమ్మ చెయ్యి పట్టుకుని, నన్ను గూడా ఒకటి గీసియ్యి తల్లీ, ముక్కుపుడక మాత్రం మర్సిపోవద్దు అంది.

ఆ సాయంత్రం పాప నన్ను ఎన్నిసార్లు పిలిచిందంటే, నన్ను రాయమంటే వెయ్యి అని రాస్తాను. కానీ టీచరమ్మ కణుపుల మీద లెక్కపెట్టింది. పద్నాలుగు. పద్నాలుగుసార్లూ పలికాను.